బస్సు చేతులు

కదులుతున్న బడి బస్సులో, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని, గీత దాటకుండా బొమ్మలకి రంగులు వేసుకునే పిల్లల్ని మీరెక్కడైనా చూశారా? బస్సమ్మ బస్సులో వేసుకునేవాళ్ళు. ఆవిడ బ్రేకు వేస్తే బండి ఆగిందో లేదో తెలియడానికి కిటికీలోంచి బయటికి చూడాల్సిందే. అడ్డంగా కుక్క వచ్చినా, రోడ్డు మెలికలు తిరిగినా, కుదుపన్నది లేకుండా ఆ పొడుగాటి పచ్చ డబ్బాని ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ తోలింది. అసలు పేరు బడిలో జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తు లేదు. పిల్లలు పెట్టిన పేరే పేరైపోయింది. కట్టుకున్న మొగుడు కూడా కోపం వచ్చినప్పుడు ఆ పేరుతోనే పిలిచేవాడు.

ఆ మొగుడు లేత్ మేస్త్రి. తిరిగే ఇనుముని వెంట్రుకవాసి తేడా లేకుండా చెక్కే పని. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆయనకో రెండో సంసారం ఉండేది. పాత ఇనుము కొట్టులో ముక్కు చితికి పడి ఉన్న రెండు సీట్ల స్పోర్ట్స్ కారుని లాక్కొచ్చి, దొరికిన భాగాలు బిగించి, దొరకనివి తనే చెక్కి, ఏళ్ళ తరబడి దానికి ప్రాణం పోస్తూ కూర్చున్నాడు. వంటింట్లో కుళాయి కారుతుంటే చెవిన పెట్టని మనిషి, ఆ కారులో ఒక్క బోల్టు వదులైతే తిండి మానేసేవాడు. బస్సమ్మ దాన్ని 'మా సవతి' అనేది. "ఏమండీ, సవతికి స్నానం అయితే ఇంట్లోవాళ్ళకి కూడా కాస్త టైమివ్వండి" అని షెడ్డు గుమ్మంలో నిలబడి పిలిస్తే, ఆయన మీసంలో నవ్వుకుని ఇంకో అరగంటకి వచ్చేవాడు.

తాళం మాత్రం ఎవరికీ ఇచ్చేవాడు కాదు. ఒకసారి బస్సమ్మ మనసాపుకోలేక అడిగింది, స్టార్ట్ చేసి చూస్తానని. "నీవి బస్సు చేతులే. ఇది వేరే జాతి" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు లెండి. నవ్వుతూ అంటే మాత్రం గుచ్చుకోదా? మళ్ళీ అడిగితే ఒట్టు అనుకుంది, అడగలేదు.

ఆ గుచ్చుకోవడం చాలదన్నట్టు, ఆవిడ ఉద్యోగం నుంచి దిగాక ఇంకో బెంగ పట్టుకుంది. ఆయన ఆవిడ మొహం చూసి మాట్లాడడం మానేశాడు. మాట ఆవిడతో, చూపు ఆవిడ చెవి పక్కన గోడ మీద. టీ ఇస్తే కప్పుకేసి చూడకుండా తడుముకుని అందుకునేవాడు. ఏమైందని అడిగితే ఏం కాలేదనేవాడు. పొద్దస్తమానం ఇంట్లో కనిపిస్తున్న పెళ్ళాం మొహం మొత్తిందనుకుంది బస్సమ్మ. ఈ వయసులో ఆ మాట ఎవరితో చెప్పుకుంటుంది? కడుపులోనే దాచుకుంది.

ఇలా ఉండగా కారు పూర్తయింది. ముదురాకుపచ్చ రంగుతో, చూస్తే కళ్ళు తిప్పుకోలేనంత బాగుంది, సవతైనా సరే ఆ మాట ఒప్పుకోవాలి. ఊరి బయట విమానాలు దిగడం మానేసిన పాత మైదానం ఒకటుంది. అక్కడ అప్పుడప్పుడు శని ఆదివారాలు సొంత కార్లున్న మామూలు జనం చేరతారు. పందెం కాదు, బహుమతులూ లేవు. నెత్తిన హెల్మెట్ పెట్టుకుని, మలుపు మలుపుకీ జెండాలు పట్టుకున్న మనుషుల కాపలాలో, తమ బండి సత్తా ఎంతో చూసుకుని ఇంటికెళ్ళడమే. శనివారం నేర్పిస్తారు, ఆదివారం వదిలేస్తారు. మేస్త్రి పేరు రాయించుకుని, బండిని లారీ ఎక్కించి మైదానానికి చేర్పించాడు. బస్సమ్మ ఫ్లాస్కు నిండా టీ పోసుకుని, పిలవకపోయినా వెంట వెళ్ళింది.

వెళ్ళీ వెళ్ళగానే సవతి చుట్టూ జనం మూగారు. ఎర్ర కారులో వచ్చిన పళ్ళ డాక్టరైతే మోకాళ్ళ మీద కూర్చుని మరీ చూశాడు. "మేస్త్రిగారూ, ఎప్పుడైనా అమ్మాలనిపిస్తే ముందు నాకే చెప్పాలి" అన్నాడు. మేస్త్రి ఆ మాట వినిపించుకోనే లేదు. హెల్మెట్ పెట్టుకున్నాడు. ఇన్నేళ్ళూ ఆయన కన్న కల ఒక్కటే, ఈ బండి పూర్తి వేగంతో పరుగెత్తుతుంటే తను అందులో ఉండాలి.

పక్క సీట్లో కోచ్ కూర్చున్నాడు. నడివయసు మనిషి, మాట నెమ్మది. బండి బయల్దేరింది. బస్సమ్మ కంచె కమ్మీ పట్టుకుని చూస్తోంది. మొదటి మలుపు దగ్గర ఎవరిదో కారు జారి అడ్డంగా ఆగితే, జెండా మనిషి పసుపు జెండా ఊపుతున్నాడు. అది ఊపితే వేగం తగ్గించాలి. మేస్త్రి తగ్గించలేదు. మనిషంత జెండా, ఎదురుగా ఊపుతుంటే తగ్గించలేదు. కోచ్ చెయ్యి చాచి స్టీరింగు పక్కకి లాగబట్టి సరిపోయింది.

బండిని నెమ్మదిగా వెనక్కి తెచ్చారు. కోచ్ ఆయన్ని పక్కకి తీసుకెళ్ళి ఏదో చెప్పాడు. గట్టిగా మాట్లాడలేదు, నలుగురిలో పరువు తియ్యలేదు. జెండా కనపడని వాళ్ళని తోలనివ్వడం కుదరదని మాత్రం చెప్పి, ఆయన భుజం తట్టి వెళ్ళిపోయాడు. మేస్త్రి వెళ్ళి టైర్ల దొంతర మీద కూలబడ్డాడు. బస్సమ్మ పక్కనే వచ్చి నిలబడింది.

"ఏంటండీ ఇది? ఏమైంది మీకు?"

"ఎండ కళ్ళలో పడింది."

"పొద్దుట్నించీ మబ్బు పట్టే ఉంది. నా మొహం చూసి చెప్పండి."

"చూస్తూనే ఉన్నానే" అన్నాడు మేస్త్రి, ఆవిడ చెవి పక్కకి చూస్తూ. "నిన్ను చూడాలంటే నీ పక్కకి చూడాలి. తిన్నగా చూస్తే మధ్యలో అంతా మసక. నువ్వుండవు."

కంటి డాక్టరు దగ్గరికి ఒక్కడే వెళ్ళొచ్చాట్ట. చుట్టూ ఉన్న చూపు ఉంటుందట, మధ్యలో పోయింది మాత్రం తిరిగి రాదట. కారుకి రంగు వేసేటప్పుడే తేడా తెలిసిందట. ఆ రంగు తీరుగా పడిందో లేదో అరచేత్తో తడిమి చూసుకున్నాట్ట.

ఇప్పుడు నిజం చెప్పుకోవాలి. ఆ మాట వినగానే బస్సమ్మకి మొదట కలిగింది సంతోషం. మొగుడికి కళ్ళు పోతున్నాయంటే సంతోషించే పెళ్ళాం ఎక్కడైనా ఉంటుందా? ఉంది, ఒక్క క్షణం. తన మొహం ఆయనకి మొత్తలేదు. ఆ వెంటనే సిగ్గేసింది. సిగ్గు వెనకాలే అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఈ ముక్క నాతో చెప్పడానికి మీకు నోరు రాలేదా? నా మొహం మొత్తిందనుకున్నానండీ నేను. స్నానాల గదిలో పంపు తిప్పుకుని మరీ ఏడ్చాను."

మేస్త్రి తెల్లబోయాడు. "అదేం మాటే. చెబితే నువ్వు దీన్ని తియ్యనివ్వవని దాచాను. నువ్వు ఏడుస్తున్నావని నాకెలా తెలుస్తుంది, పిచ్చిదానా" అన్నాడు. మళ్ళీ తనే అన్నాడు: "బండి ఆ డాక్టరుకిచ్చేస్తాను. పరుగెత్తాల్సినదాన్ని షెడ్డులో కట్టేసి తుడుచుకుంటూ కూర్చోడం నా వల్ల కాదు. ఒక్కసారి దాని గొంతు పూర్తిగా విని ఉంటే బాగుండేది. అంతే."

"నేను తోలతాను" అంది బస్సమ్మ.

మేస్త్రి నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి ఏ మాట రాబోతోందో ఆవిడకి తెలుసు, ఆయనకీ తెలుసు. ఆ మాట మింగేశాడు. జేబులోంచి తాళం తీసి, చొక్కాకి తుడిచి, ఆవిడ అరచేతిలో పెట్టాడు. "రెండో గేరు కొంచెం బిగువు. తొయ్యకు, అడుగు" అన్నాడు. తాళమైతే ఇచ్చాడు కానీ సలహా ఇవ్వకుండా ఉండడం ఆయన తరమా?

కోచ్ ఒప్పుకున్నాడు, లైసెన్సు ఉంటే చాలన్నాడు, మొదట తను పక్కన కూర్చుంటానన్నాడు. హెల్మెట్టే ఒప్పుకోలేదు. బస్సమ్మ ముడి అందులో పట్టలేదు. అక్కడే ముడి విప్పి, జడ అల్లి, దాన్ని రవిక లోపలికి తోసి కూర్చుంది.

ఇక చూడాలి ఆ సంబరం. మైదానంలో ఎదురొచ్చేవాడు లేడు, అడ్డొచ్చేవాడు లేడు, ఆవిడ మాత్రం ప్రతి మలుపుకీ ముందుగానే సిగ్నల్ లైటు వేసింది. వెనక వస్తున్న పళ్ళ డాక్టరు నవ్వలేక చచ్చాడు. అంతకంటే పెద్ద తప్పు మలుపు తిప్పడంలో చేసింది. బస్సులో డ్రైవరు సీటు ముందు చక్రాలకంటే ముందుంటుంది. అందుకని బస్సు తోలేవాళ్ళు తమ ఒళ్ళు మలుపు దాటేదాకా ఆగి, అప్పుడు స్టీరింగు తిప్పుతారు. ఈ కారులో చక్రాలు ఎక్కడో ముక్కు కింద, తను వెనక నేలకి ఆనుకుని ఉంది. ఆ సంగతి చేతులకి ఎవరు చెప్పాలి? అలవాటు ప్రకారం ఆగి ఆగి తిప్పేసరికి బండి రోడ్డు దాటి గడ్డిలోకి వెళ్ళి నిలబడింది.

"అమ్మా, ఇప్పటిదాకా ఏం బండి తోలారు మీరు?" అన్నాడు కోచ్.

"బడి బస్సు."

కోచ్ పడీ పడీ నవ్వాడు, ఆవిడా నవ్వింది. చక్రాలు ఎక్కడున్నాయో మనసులో పెట్టుకోమన్నాడు. సాయంత్రానికి చాలావరకు దారికొచ్చింది. తిన్నగా సాగే పొడుగాటి రోడ్డు చివర పెద్ద మలుపు దగ్గర మాత్రం పాత అలవాటు పోలేదు, క్షణం ఆగే తిప్పుతోంది. "అక్కడ అలాగే కానివ్వండి. అందరూ కంగారుపడి ముందే తిప్పేస్తారు. ఆ మలుపు ఆగినవాళ్ళకే లొంగుతుంది" అన్నాడు కోచ్.

లొంగనిది ఆవిడ కాలు. పొడుగాటి రోడ్డు మీదికి రాగానే కోచ్ తొక్కమంటాడు, ఆవిడ సగం తొక్కి ఎత్తేస్తుంది. ఇంకా, ఇంకా అని ఆయన అరుస్తుంటే, "వెనక పిల్లలు పడిపోతారండీ" అంది ఒకసారి, అసంకల్పితంగా. "వెనక సీటే లేదమ్మా" అన్నాడు కోచ్. ఆవిడకి తెలియదా ఏం? కాలికి తెలియదు.

ఆదివారం పక్క సీట్లో మేస్త్రి కూర్చున్నాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఇంజను వింటున్నాడు. ఏ గేరు ఎప్పుడు మార్చాలో చెవితోనే చెబుతున్నాడు. "ఇప్పుడు" అంటాడు, ఆవిడ మారుస్తుంది. వాళ్ళిద్దరూ అంత సఖ్యంగా ఒక పని చేసి ఎన్నాళ్ళయిందో. కానీ పొడుగాటి రోడ్డు వచ్చిన ప్రతిసారీ అదే వరస. ఇంజను గొంతు విప్పబోయేసరికి ఆవిడ కాలు లేచిపోతోంది. మేస్త్రి ఏమీ అనడం లేదు. అననందుకే ఆవిడకి ప్రాణం ఉసూరుమంటోంది. ఈయనకి ఇవ్వగలిగింది ఇదొక్కటి, ఇది కూడా చేతకాకపోతే ఎందుకొచ్చిన బతుకని తనని తనే తిట్టుకుంది.

ఇదే ఆఖరి చుట్టు అని జెండా చూపించారు.

పొడుగాటి రోడ్డు ఎదురైంది. తొక్కింది. ఇంజను గొంతు పెరిగింది, సీటు వీపుకి అతుక్కుంది, కాలు లేవబోయింది.

"ఏమేవ్" అని అరిచాడు మేస్త్రి, ఆ హోరులో వినపడేలా. "వెనక ఎవరూ లేరే. ఉన్నది నేనొక్కణ్ణే. నేను పడను. కానివ్వు."

ఆవిడ తొక్కింది. కాలు నేలకి ఆనేదాకా, జీవితంలో ఏ బండినీ తొక్కనంతగా తొక్కింది. సవతి గొంతు విప్పింది. ఆ కూత షెడ్డులో ఎప్పుడూ వినలేదు, అక్కడైతే రేకులు ఎగిరిపోయి ఉండేవి. రోడ్డు పక్క గడ్డి పచ్చటి చారగా మారిపోయింది. పెద్ద మలుపు మీద పడుతోంది. బస్సమ్మ బ్రేకు వేసింది, స్టీరింగు తిప్పకుండా ఆగింది, ఇంకా ఆగింది, ఒళ్ళు దాటనిచ్చి అప్పుడు తిప్పింది. బండి తీగలాగినట్టు మలుపు తిరిగి అవతల పడింది. మేస్త్రి తొడ మీద అరచేత్తో చరుస్తూ పసివాడిలా నవ్వుతున్నాడు.

జెండా పడ్డాక అందరూ నెమ్మదిగా వెనక్కి వస్తున్నారు. బస్సమ్మ ఒకసారి పక్కకి చూసింది. ఆయన కళ్ళు తెరిచి ఉన్నాయి. చూపు ఆవిడ భుజం వెనక ఎక్కడో ఉంది. ఎక్కడో కాదని ఇప్పుడావిడకి తెలుసు. రోడ్డూ, మైదానం, తను చెక్కి నిలబెట్టిన బండీ అన్నీ వదిలేసి, ఆయన ఆవిణ్ణే చూస్తున్నాడు.

బండి ఆగగానే పళ్ళ డాక్టరు చేతులు రుద్దుకుంటూ వచ్చాడు. కోచ్ చెప్పాడో, ఎవరు చెప్పారో కానీ కబురు ఆయన దాకా వెళ్ళింది. "మేస్త్రిగారూ, అమ్ముతున్నారని విన్నాను. నేను సిద్ధం. ఏమంటారు?"

మేస్త్రి తలుపు పట్టుకుని మెల్లగా దిగాడు. "నన్నడుగుతారేంటి డాక్టరుగారూ" అన్నాడు. "బండి మా ఆవిడది."

డాక్టరు ఆవిడకేసి తిరిగాడు. బస్సమ్మ సీట్లోంచి లేవలేదు, హెల్మెట్ తియ్యలేదు. తీస్తే ఏడుస్తున్నట్టు నలుగురికీ తెలిసిపోతుంది.

"అమ్మను" అంది లోపల్నించే.