పైడితల్లి మార్చనన్న జవాబు

2022లో నేను విశాఖపట్నం సీతమ్మధారలో ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్‌ని. ఫైనలియర్‌కి రొమాంటిక్ పొయెట్రీ చెప్పేదాన్ని. ‘కవి ఊహకున్న శక్తిని వివరించండి’ అనే ప్రశ్న ఏటా వచ్చేది. దానికి మా దగ్గర రెడీమేడ్ జవాబుండేది: నాలుగు పాయింట్లు, రెండు కొటేషన్లు, ఎక్కడో చలిదేశంలో పూసే ఒక పువ్వు. ఆ పువ్వును నేనూ చూడలేదు, పిల్లలూ చూడలేదు. అయినా బట్టీ పట్టించి అందరినీ గట్టెక్కించేదాన్ని.

పైడితల్లి ఒక్కతే మొండికేసింది. వాళ్ళ నాన్న పోర్టులో బొగ్గు దింపే కూలి. ఆ అమ్మాయికి అదొక్క పేపరే మిగిలింది. అది పాసైతే బీఎడ్‌లో చేరొచ్చు, లేకపోతే ఏడాది గోవిందా!

“సూడని పువ్వుని సూసినట్టు ఎలా రాత్తాను మేడమ్?”

“ఊహించుకోవే తల్లీ!”

“నాను ఊహించుకున్నది వేరే ఉంది. అది రాయొచ్చా?”

“పొరపాటున కూడా రాయకు. గైడ్‌లో ఉన్నది దించేసి రా,” అన్నాను. అదేమిటని అడిగే ఓపిక కూడా నాకు లేకపోయింది.

రిజల్ట్స్ వచ్చాయి. తప్పింది. కొన్నాళ్ళకి స్టాఫ్‌రూమ్‌కి వచ్చి నిలబడింది.

“గైడ్ రాశావా?”

“నేదు మేడమ్.”

“నీకేమైనా పిచ్చా!” అని అందరి ముందూ అరిచేశాను. ఏడుస్తుందనుకుంటే, యూనివర్సిటీ నుంచి తెప్పించుకున్న ఆన్సర్ షీట్ జిరాక్స్ నా ముందు పెట్టింది. “ఓపాలి సదవండి. తప్పేటో సెప్పండి.”

ఆ ప్రశ్నకి సున్నా వేశారు. స్కీమ్ ఆఫ్ వాల్యుయేషన్ అని దిద్దేవాళ్ళకి ఒక కాగితం ఇస్తారు, ఏ పాయింటుకి ఎన్ని మార్కులో అందులో ఉంటుంది. ఈ పిల్ల రాసింది అందులో ఎక్కడా లేదు.

ఇంగ్లీషు తడబడుతూనే ఉంది. విషయం మాత్రం ఇది. చిన్నప్పుడు నాన్న ఒళ్ళంతా నల్లగా ఇంటికొచ్చేవాడు. అమ్మ నీళ్ళు పోస్తే వాకిలంతా నలుపు పారేది. నాన్న ఓడలోంచి చీకటిని తవ్వి పోస్తున్నాడనీ, అందుకే ఊరికి రోజూ తెల్లారుతోందనీ ఆ పిల్ల అనుకునేది. ‘అది నిజం కాదని ఇప్పుడు తెలుసు. కానీ అలా ఊహించుకోబట్టే మా నాన్న నా కంటికి కూలివాడిగా ఎప్పుడూ కనబడలేదు. ఊహ శక్తి ఇదే,’ అని ముగించింది.

నాకు సిగ్గేసింది.

రీవాల్యుయేషన్‌కి, అంటే ఇంకొకరి చేత మళ్ళీ దిద్దించడానికి, ఆ రోజే అప్లికేషన్ పెట్టించాను. అయినా నా పిరికితనం పోలేదు. “ఇది రాకపోతే సప్లిమెంటరీలో గైడ్ రాసెయ్ అమ్మా,” అన్నాను.

“మళ్ళీ ఇదే రాత్తాను మేడమ్. కాయితంలో మా నాన్నని కొట్టేసి ఆ పువ్వుని రాయమంటే నా వల్ల కాదు.”

బీఎడ్ అడ్మిషన్లు ముగియడానికి రెండు రోజుల ముందు రీవాల్యుయేషన్ రిజల్ట్ వచ్చింది. పాస్. దిద్దిన ఆ మనిషెవరో తెలియదు గానీ, వాళ్ళకి చేతులెత్తి మొక్కాలి.

ఆ ఏడు నుంచి నా క్లాసులో గైడ్ తెరవనివ్వడం లేదు. తోటి లెక్చరర్లు పాస్ పర్సెంటేజీ పడిపోతుందని బెదిరిస్తూనే ఉన్నారు, పడితే పడనీ. ఊహకి గొప్ప శక్తి ఉందని నేను ఇరవై ఏళ్ళు పాఠం చెప్పాను. ఆ మాట నమ్మి ఏడాది చదువుని పణంగా పెట్టింది మాత్రం పైడితల్లి.