ప్లగ్గు చూపిస్తేనే స్నానం

ఇవాళ గీజర్ కాయిల్ మార్చడానికొచ్చిన మెకానిక్ దాదా (ఇక్కడ అన్నని అలాగే పిలుస్తాం) తెల్లగా సున్నం కట్టిన పాతది తీసి నా చేతికిచ్చాడు. వెంటనే చిన్నప్పటి న్యూ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లో మా హీటర్ రాడ్ గుర్తొచ్చింది. మీ బకెట్లోనూ ఒకటి వేలాడేది కదా?

రైల్వే సిగ్నల్స్‌లో పనిచేసే నాన్నది ఒకటే శాసనం: పీకిన ప్లగ్గు చేత్తో పట్టుకుని చూపించాకే నీళ్లు ముట్టుకోవాలి.

ఓ చలికాలం పొద్దున కరెంటు పోయింది. ప్లగ్గు పీకకుండానే అక్క నీళ్లలో చెయ్యి పెట్టింది.

"ప్లగ్గేదే?" అన్నారు నాన్న.

"కరెంటే నేదు కదా నాన్నా, ఏటవుతాది?"

"ముందు సెయ్యి తియ్యి."

విసుక్కుంటూ తీసింది. బల్బు వెలిగింది. రాడ్ సన్నగా మూలగడం మొదలెట్టింది. ఆ రోజు మా ఇంట్లో స్నానాలు రద్దు. దేశానికేమీ నష్టం రాలేదు.

ఇవాళ దాదా కొత్త కాయిల్ బిగించబోతుంటే ఫ్యూజు ఎక్కడని అడిగాను.

"పీకేసినాను, జేబులో ఉంది."

తీసి చూపించమన్నాను.