కార్డు వచ్చిన తొవ్వన పోయిన నూలు మూట

పెద్ద పెద్ద కంపెనీలు కూడా పల్లెటూళ్లకు పోయే పార్సిళ్లను ఇప్పుడు పోస్టాఫీసుకే అప్పగిస్తున్నాయట, అలా అయితే ఖర్చూ తక్కువ, పనీ తొందరగా అవుతుందట అని మొన్న మా మనవరాలు ఫోన్‌లో చదివి వినిపిస్తే నాకు నవ్వాగలేదు. ఎల్బీనగర్‌లో మెట్రో చప్పుడు వింటూ కూర్చున్న ఈ ముసలిదానికి ఆ ఉపాయం పంతొమ్మిది వందల అరవై తొమ్మిదిలోనే తట్టిందంటే అది నమ్మదు. మీరైనా నమ్మండి, ఆ రోజులు మీకూ తెలుసు కదా.

అప్పుడు మేము దిల్‌సుఖ్‌నగర్‌లో ద్రాక్షతోటల పక్కన కిరాయికి ఉండేవాళ్లం. మా నాయన పోచంపల్లి వైపు నుంచి వచ్చిన నేతగాడు. ఇంట్లోనే నూలుకు రంగులద్ది, పల్లెలో మగ్గం నేసే మా బావకు పంపేవాడు. ఆ మూటను ఎవరో ఒక చుట్టం బస్సు మీద వేసుకుని పోవాలి, ఆ చుట్టానికి టికెట్టు, భోజనం, పైగా అలిగితే బతిమాలడం. ఆ ఏడు ప్రత్యేక తెలంగాణ ఉద్యమం ఊపందుకుని ఒకరోజు బంద్, మరునాడు కర్ఫ్యూ అయ్యేసరికి బస్సులూ ఆగాయి, చుట్టాలూ ఆగారు. మేమంతా ఉద్యమం వైపే, కాని మగ్గానికి ఆ సంగతి తెలియదు కదా.

అంతలో అక్క దగ్గర నుంచి కార్డు వచ్చింది. సావుకారు నేయమన్న పెళ్లి చీరలకు పడుగు మగ్గమెక్కించాక, అడ్డంగా నేసే పేక నూలు లేక బావ చేతులు కట్టుకుని కూర్చున్నాడట. పెళ్లిలోపు చీరలు దిగకపోతే సావుకారు ఇక పనే ఇవ్వనన్నాడట. చంటిపిల్లతో ఎట్ల బతకాలో తెలుస్తలేదట. అమ్మ ఏడుపు అందుకుంది. నేను మాత్రం ఆ కార్డునే చూస్తూ, "గీ కార్డు ఒచ్చిన తొవ్వన నూలు పోదా నాయనా? పోస్టాయన ఎట్లనో ఆ ఊరికి పోనే పోతడు, మన మూట కూడ పట్కపోతడు" అన్నాను. "ఏందే, పెండ్లి నూలు తీస్కపోయి ఉత్తరాల సంచిల ఏస్తవా" అని నాయన కసిరాడు గాని, ఆయనకు మాత్రం వేరే దారేముంది?

పోస్టులో వేయాలంటే మూటను గుడ్డలో కుట్టి ఇవ్వాలట. నేతగాడి దర్జా ఊరుకుంటుందా, నాయన తను స్వయంగా అద్దిన తలకు చుట్టుకునే ఎర్ర గళ్ల రుమాలులో కుట్టించి సైదాబాద్ పోస్టాఫీసుకు మోసుకుపోయాడు. నేనూ వెంట పోయాను. అక్కడి గుమాస్తా కోస్తా మనిషి, ఆ రోజుల్లో వాళ్లు ఆ యాసతో నోరు విప్పడానికే జంకేవారు. "చాలా బాగుందండి పెద్దాయనా, కాని దీనిమీద చిరునామా ఎక్కడ రాయమంటారు? తెల్లగుడ్డలో కుట్టుకు రండి, నేను ఉంటాను" అన్నాడు మెల్లగా. ఇంటికొచ్చి చెప్పగానే అమ్మ లేచి, నాయన కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడికి కట్టుకుపోయే తెల్ల ధోవతిని కత్తెర పెట్టి సర్రున చింపింది. నేను కుట్టాను. గుమాస్తా అన్నట్టే ఉండి, లక్క సీళ్లు తనే వేశాడు.

తర్వాత సంగతి అక్క చెబితే తెలిసింది. అక్కకు చదువు రాదు, ఆ కార్డు రాసిపెట్టింది ఆ ఊరి పోస్టాయనే. అందుకే మూట చేతికి రాగానే మిగతా ఇళ్లన్నీ పక్కనపెట్టి సైకిల్ నేరుగా వాళ్ల వాకిట్లోనే ఆపాడట. బావ నూలు కండెలకు చుట్టి, కండెను నాడెలో పెట్టి పడుగు మధ్య నుంచి విసిరేదాకా అక్కడే కూర్చుని, మగ్గం చప్పుడు విన్నాకే లేచాడట. చీరలు పెళ్లిలోపే దిగాయి, బావకు పని నిలిచింది. ఆ తర్వాత మా నూలంతా పోస్టులోనే పోయింది, మమ్మల్ని చూసి మా వాళ్లందరూ అదే దారి పట్టారు. ఉపాయం తనదేనని నాయన బతికినంత కాలం చెప్పుకున్నాడు, నేనూ పోనీలే అని ఊరుకున్నాను. ఇప్పుడు చెబుతున్నాను, నాదే.

బస్సులు నడవడం మొదలయ్యాక ఒకసారి పోయి ఆ పోస్టాయనకు దండం పెట్టుకుని రావాలనుకున్నాను. నా పెళ్లి, పిల్లలు, సంసారంలో పడి పోలేకపోయాను, అంతలో ఆయన కాలం చేశాడని అక్క కబురు పంపింది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. ఇప్పుడు మా గేటు దగ్గరికి పార్సిల్ తెచ్చే పిల్లలను జర కూర్చో బిడ్డా, మంచినీళ్లు తాగిపో అంటాను. టైం లేదమ్మా అంటూ బండి తిప్పుకుని పోతారు.