రెండు సీసాలు, ఒకే తెలుపు

1942 వానాకాలం. మాదన్నపేటలో ఒక చిన్న దవాఖానాలో నేను కంపౌండర్‌ని. డాక్టరుగారు రాసిన మందును తూచి, కలిపి, రోగి ఇంటి నుంచి తెచ్చుకున్న సీసాలో పోసి ఇవ్వడం నా పని. మైదా జిగురుతో లేబుళ్లు అంటించేదీ నేనే. బొద్దింకలకు ఆ జిగురంటే మహా ఇష్టం. ఒక ఉదయం చూస్తే అల్మారాలోని రెండు మందు సీసాల లేబుళ్లు కొరికేసి ఉన్నాయి. ఒకటి పొటాషియం బ్రోమైడ్, మూర్ఛకు ఇచ్చేది. రెండోది పొటాషియం అయొడైడ్, దగ్గుమందులో వేసేది. రెండూ తెల్లని ఉప్పే. ఏది ఏదో ఎలా చెప్పను?

అప్పుడే పాల మల్లయ్య ఖాళీ సీసాతో వచ్చాడు. అతని భార్య సత్తెమ్మకు మూర్ఛ. అంతకుముందు ఒకసారి మందు తప్పినప్పుడు పొయ్యి మీద పడి చెయ్యి కాల్చుకుంది. డాక్టరుగారేమో ఊళ్లో లేరు. మల్లయ్యకు రెండు సీసాలూ చూపించి సంగతి చెప్పాను.

"నిన్ననే మందు ఒడిసింది సాబ్. రెండు ఒక్క తీర్గనే ఉన్నయి గద, ఏదో ఒకటి ఇయ్యరాదు!"

"గట్లెట్ల ఇస్త మల్లన్నా? జర కూసో."

క్లోరిన్, బ్రోమిన్, అయొడిన్ విడిగా ఉంటే దేని రంగు దానిదే. పొటాషియంతో కలిసి ఉప్పుగా మారితే మూడూ తెలుపే. అయితే వాటిలో క్లోరిన్ బలమైనది. మిగతా రెండింటినీ ఉప్పులోంచి బయటికి తరిమేస్తుంది. బయటపడ్డ అయొడిన్ గంజిని నీలం చేస్తుంది, బ్రోమిన్ చేయదు, నీళ్లలో లేత పసుపుగా తేలుతుంది.

బావుల్లో వేసే బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో కాస్త యాసిడ్ కలిపితే క్లోరిన్ వస్తుంది. పక్కింటి నుంచి గంజి తెచ్చాను. మొదటి ఉప్పును కప్పులో గంజితో కలిపి ఆ నీళ్లు ఒక చుక్క వేశాను. నీలం! కప్పు ఒంపేసి రెండోది వేశాను. అదీ నీలమే.

అంటే రెండూ అయొడైడేనా! "బ్రోమైడ్ లేదు, పెద్ద దవాఖానాకు పో" అనబోయాను.

మల్లయ్య కప్పులోకి తొంగిచూశాడు. "ఏంది సాబ్, గిన్నె కడుగనే లేదు? నేనైతె కడుగని చెంబుల పాలు పిండ."

సిగ్గుతో చచ్చిపోయాను. రెండోసారి నీలం చూపించింది కప్పులో మిగిలిన మొదటి ఉప్పే. కొత్త కప్పు తీసి రెండో ఉప్పును మళ్లీ పరీక్షించాను. నీలం జాడే లేదు, లేత పసుపు రంగు తేలింది. అదే బ్రోమైడ్! హమ్మయ్య అనుకుని, రెండుసార్లు తూచి మందు కలిపి ఇచ్చాను.

వారం తర్వాత సత్తెమ్మే ఖాళీ సీసాతో వచ్చింది. "మూర్ఛ మల్ల రాలె సాబ్" అంది నవ్వుతూ. ఆ నవ్వు చూశాకే నా మనసు కుదుటపడింది.

ఆ తర్వాత సీసాల మీద పేర్లు పెయింటుతో రాశాను. లేబుళ్లు తిన్నవి బొద్దింకలే, నిజమే. ఎదురుగా ఉన్న మందును లేదని చెప్పబోయింది మాత్రం నేనే. అందుకే కప్పు కడిగిన ప్రతిసారీ మల్లయ్య పక్కన నిలబడి చూస్తున్నట్టే ఉండేది.