బోర్డు లేని పొద్దున

మా ఊళ్ళో ఎల్‌ఈడీ బోర్డులు చేసే ఆయన్ను అందరూ బోర్డులాయన అనేవాళ్ళు. బోర్డును గోడకెక్కించే ముందు వెలిగించి, దాని మీద చెంబుతో నీళ్ళు పోసి చూడటం ఆయన అలవాటు. మనుషులతో మాట్లాడేటప్పుడు మాత్రం చూపు నేల మీదే ఉండేది.

నాన్న పోయాక అమ్మ మారికుప్పం స్టేషను దగ్గర ఇడ్లీ అంగడి పెట్టింది. ప్రారంభం రోజు పొద్దున ఆయన బోర్డు తెచ్చి, గోడకు ఆనించి వెలిగించాడు. ఎర్రటి అక్షరాల్లో నాన్న పేరు చూసి అమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆయన నీళ్ళు పోసి, ఇనుప ఫ్రేముకు టెస్టర్ ఆనించాడు. టెస్టర్ వెలిగింది. వెంటనే స్విచ్చి ఆపేశాడు.

"ముహూర్తం దాటిపోతా ఉండాదప్పా. ఈ పొద్దుకు తగిలించేయి," అంది అమ్మ.

"వద్దమ్మా. ఫ్రేముకు కరెంటొస్తా ఉండాది. వానొస్తే షట్టరుకూ వస్తాది. దాన్ని ఎత్తేది నువ్వే కదా. రేపు సరిచేసి తెస్తాను."

అమ్మ లోపలికి పోయి ఇడ్లీలు దించింది. బెంగళూరు రైలుకు పరుగెత్తే జనం మా అంగడి వైపు చూడనే లేదు.

అంతలో బయట కేక వినబడింది. బోర్డులాయన ఖాళీ గోడ కింద నిలబడి, తలెత్తి పిలుస్తున్నాడు.

"మునెప్ప ఇడ్లీ అంగడి ఇదేనప్పా. వేడిగా ఉండాయి, రండి."

నాన్న పేరు అంత గట్టిగా ఎవరైనా పిలిచి చాలా కాలమైంది. అమ్మ మొదటి ప్లేటు తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టింది.

"ముందు నువ్వు తినప్పా. గొంతు పోతాది."