పోల్తావా యుద్ధం చెప్పడానికి ఖాజాగూడ నుంచి నడిచిన పొద్దు

ఈ ప్రయాణానికి కారణం ఒక ఈమెయిల్. హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్లు తమ మేనేజర్లకు పోల్తావా యుద్ధం గురించి చెప్పమని పిలిచారు. నేను విజయవాడలో చరిత్ర లెక్చరర్‌ని. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో, ఇప్పటి ఉక్రెయిన్ నేల మీద, స్వీడన్ సైన్యం రష్యా సైన్యం చేతిలో చిత్తుగా ఓడిపోయిన యుద్ధం అది. ఆ ఓటమిని చూపించి మేనేజర్లకు సమాచారం విలువ బోధించడం నాకు అలవాటైన పని. వింటారు, చప్పట్లు కొడతారు, శాలువా కప్పి పంపిస్తారు. ఈసారి మాత్రం ఒళ్లు మండిపోయి వచ్చాను. కోపం చల్లారాక రాద్దామని రెండు రోజులు ఆగాను. చల్లారలేదు, అందుకే ఇలాగే రాస్తున్నాను.

ముందురోజు సాయంత్రానికే నార్సింగిలో మా చెల్లెలి ఇంటికి చేరుకున్నాను. తెల్లారితే తెలంగాణ బంద్. "అక్కా, రేపు రోడ్డు మీద పురుగు కూడా ఉండదు. ఒకసారి ఫోన్ చేసి కనుక్కో" అంది చెల్లెలు. చేశాను. ఎవరూ ఎత్తలేదు. కార్యక్రమం లేకపోతే వాళ్లే చెబుతారులే అనుకుని పడుకున్నాను. ఇంత చదువుకుని నేను చేసిన ఆలోచన అది.

ఉదయం ఆరున్నరకు బయటికొస్తే బస్సుల్లేవు. పావుగంట నిలబడ్డాక ఒక ఆటో దొరికింది. "ఖాజాగూడ దాంక వస్త మేడం. ఆడికెళ్లి ముంగటికి రాను. అద్దం పల్గితే ఎవరిస్తరు?" అన్నాడు డ్రైవర్. మామూలు రోజుల్లో డెబ్బై రూపాయలయ్యే దారికి నూటయాభై అడిగాడు. బంద్ రోజున బండి తీసినవాడితో బేరమేమిటని ఇచ్చేశాను. ఏడుంబావుకి ఖాజాగూడలో దిగాను. చెరువు దాటి, బండరాళ్ల పక్కనుంచి రాయదుర్గం మీదుగా హైటెక్ సిటీకి నడక గంట పైనే. మంచినీళ్ల సీసా, మామూలు చెప్పులు తప్పనిసరి. నేను ఉపన్యాసం కోసమని ఎత్తు మడమల చెప్పులు వేసుకుని, చుట్టిన యుద్ధపటం ఒకటి చంకలో పెట్టుకుని బయల్దేరాను.

నా ముందు నీలం కోటు వేసుకున్న ఒకావిడ టిఫిన్ డబ్బాతో గబగబా నడుస్తోంది. దారి అడిగితే, "నేను గూడ గాడికే మేడం, నా ఎన్క రాండ్రి" అంది. పేరు యాదమ్మ. నల్లగొండ జిల్లా నుంచి వచ్చి ఖాజాగూడలో ఒక గది కిరాయికి తీసుకుని ఉంటోంది. నన్ను పిలిచిన కంపెనీలోనే మూడో అంతస్తు ఊడ్చి తుడిచే పని, మూడేళ్లుగా. బంద్ రోజున ఎందుకండీ ఈ నడక అన్నాను.

"పోయిన రెండు బంద్‌లకు రాలే మేడం. రెండు నాగాలు పడ్డయ్. మూడో నాగా పడితే పనికెళ్లి తీసేస్తనన్నడు సూపర్‌వైజర్. మా ఆయన మేస్త్రి పని జేస్తుండె, నడుం పోయింది. ఇగ ఇల్లు నా హాజరు మీదనే నడుస్తది."

రాయదుర్గం దగ్గర జెండాలు పట్టుకున్న కుర్రాళ్లు రోడ్డుకి అడ్డంగా కూర్చున్నారు. "జై తెలంగాణ" అన్నారు. యాదమ్మ వాళ్లకంటే గట్టిగా అంది. "మరి ఇయ్యాల పనికేంది అక్కా?" అని ఒకడు అడిగాడు. "తెలంగాణ రావాలెనని నేను గూడ మొక్కుకున్న తమ్మీ. గని నా హాజరు నువ్వేస్తవా?" అంది. ఆ కుర్రాడు లేచి పక్కకు జరిగి, మాకు రెండు నీళ్ల ప్యాకెట్లు ఇచ్చాడు.

ఎనిమిదిన్నరకు గేటు దగ్గరికి చేరాం. లోపల అద్దాల తలుపుకి తాళం. సెక్యూరిటీ గార్డు నర్సింహ లేచి నిలబడ్డాడు. "ఇయ్యాల సెలవు మేడం. రాత్రే అందరికి మెసేజ్ పోయిందట."

అందరికీనట! విజయవాడ నుంచి వచ్చిన నాకు రాలేదు. నా సంగతి వదిలేయండి. వేలు పెట్టి హాజరు వేసుకునే మిషన్ ఆ తాళం వెనక ఉంది. యాదమ్మ సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసింది. "నిన్నెవలు రమ్మన్నరు? మిషన్ల వేలు వడకుంటే నాగానే" అన్న అరుపు నాకు కూడా వినబడింది. ఫోన్ లాక్కున్నాను.

"సెలవని ఈవిడకి మెసేజ్ పంపారా అండీ?"

"అది కంపెనీ వాళ్లకే మేడం. వీళ్లు కాంట్రాక్టు."

"మీకు తెలుసు కదా. మీరు చెప్పొచ్చు కదండీ?"

ఫోన్ పెట్టేశాడు.

యాదమ్మ మెట్ల మీద కూలబడింది. నర్సింహ ఫ్లాస్కులోని చాయ్ మూడు కప్పుల్లో పోసి, నా పటం చూసి అదేంటని అడిగాడు. ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి అతని బల్ల మీద పరిచి చెప్పాను. రష్యావాళ్లు దారికి అడ్డంగా చిన్న చిన్న మట్టికోటలు కట్టారు. ఆగకుండా వాటి మధ్యనుంచి దూసుకుపోవాలని స్వీడన్‌వాళ్ల పథకం. కాల్బలంలో మూడోవంతు మందిని నడిపే సేనానికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆయన ఒక మట్టికోట ముందు ఆగి, అదే అసలు యుద్ధమనుకుని మళ్లీ మళ్లీ మనుషుల్ని దాని మీదికి పంపాడు. వాళ్లు కుప్పలుగా చచ్చారు. మిగతా సైన్యం ఆయన కోసం ఎదురుచూసి పొద్దు పోగొట్టుకుంది. చివరికి ఆయన మిగిలినవాళ్లతో లొంగిపోయాడు.

"పెద్దవాళ్లకి ఒకరితో ఒకరికి పడక, హడావిడిలో చెప్పడం మర్చిపోయారు" అని ఎప్పటిలాగే ముగించాను.

యాదమ్మ పటం కేసి చూస్తూ అంది: "మర్సిపోవుడు గాదు మేడం. చెప్పాల్నని అనుకోలే."

ఎన్నో ఏళ్లుగా ఈ కథని సమాచార లోపం అని అందమైన పేరుతో అమ్ముకుంటున్నాను. సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే నాకొక ఉపాయం తట్టింది. గేటు దగ్గరి సందర్శకుల రిజిస్టర్‌లో యాదమ్మ పేరు, వచ్చిన టైము రాయించాను. ఎందుకు వచ్చారన్న గడిలో "పనికొచ్చిన్నని రాయి అన్నా" అంది ఆమె. నర్సింహ అలాగే రాశాడు. కింద సాక్షిగా నేను సంతకం పెట్టాను. ఇక వాళ్లు కాదనలేరని యాదమ్మకి ధైర్యం చెప్పి, ఇద్దరం ఎండలో ఖాజాగూడకి తిరిగి నడిచాం.

నిన్న నర్సింహకి ఫోన్ చేశాను. సూపర్‌వైజర్ రిజిస్టర్ చూశాడట. గడిలో ఏం రాసి ఉన్నా అది సందర్శకుల రిజిస్టరే కాబట్టి ఆ రోజు యాదమ్మ వచ్చింది పనికి కాదు, చూసిపోవడానికి అన్నాడట. మూడో నాగా వేశాడు. పని పోయింది. ఆమె సందర్శకురాలిగానే వచ్చిందనడానికి సాక్ష్యంగా నా సంతకమే చూపించాడు.

కంపెనీవాళ్లు క్షమాపణ చెప్పి, ఇంకో తేదీ ఇస్తామని ఈమెయిల్ పంపారు. యాదమ్మ ఆ పొద్దున ఎన్ని గంటలకు గేటు దగ్గర ఉందో, ఎందుకు ఉందో వివరంగా రాసి, ఆమెను తిరిగి పనిలోకి తీసుకునేదాకా పోల్తావా గురించి మీ మేనేజర్లకు ఒక్క ముక్క చెప్పనని జవాబిచ్చాను. ఇంతవరకు ఉలుకూ లేదు పలుకూ లేదు. మూడు వందల ఏళ్ల కింద ఎవరో సేనానికి చెప్పలేదని ప్రపంచమంతా పుస్తకాలు రాసింది. యాదమ్మకి చెప్పలేదని రాయడానికి నా దగ్గర ఈ బ్లాగు తప్ప ఏమీ లేదు. తప్పు చేసినవాళ్లలో నేనూ ఉన్నాను, నా ఉపాయమే ఆమె మెడకు చుట్టుకుంది.

ఈ దారిలో వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క సలహా. బంద్ రోజున హైటెక్ సిటీలో ఏ ఆఫీసుకి వెళ్లాల్సి వచ్చినా ముందురోజే ఫోన్ చేయండి, ఎత్తేదాకా చేయండి. సెలవని చెబితే, అక్కడ ఊడ్చేవాళ్లకు కూడా చెప్పారా అని అడగండి. చెప్పలేదంటే ఫోన్ పెట్టేయకండి.