కార్ల అందమెరిగిన వీరభద్రం

కరెంటాఫీసు గుమాస్తా వీరభద్రానికి ఉన్నది ఒక పాత స్కూటరే. అయినా యానాంలో ఎవరు కారు కొనాలన్నా ముందు ఆయన్నే పిలుస్తారు. ఆయన బండి చుట్టూ మెల్లగా తిరిగి, బానెట్ నిమిరి, హెడ్‌లైట్ల ఎదుట గొంతుక్కూర్చుని చాలాసేపు చూస్తాడు. "లైట్లలో కళ లేదండీ" అన్నాడంటే ఇక ఆ బేరం చెడినట్టే. ఎత్తుగా, నలుచదరంగా ఉండే చవక కార్లను ఆయన బీరువాలంటాడు.

మొన్న నర్సు జోసెఫిన్, తల్లి రోజమ్మను వెంటబెట్టుకుని, ఆయన్ని పాత కార్ల షెడ్డుకు తీసుకెళ్లింది. వీరభద్రం ముచ్చటపడి, నేలకు ఆనినట్టున్న ఎర్రకారు చూపించాడు. రోజమ్మ అందులో ఎలాగో కూర్చుంది గానీ, దిగబోతే మోకాళ్లు లేవలేదు. ఇద్దరూ చెరో చెయ్యీ పట్టి లేపారు.

"నేనింటికాడే ఉంటాన్లేవే, నువ్వు తిరుగు" అంది కూతురితో, సిగ్గుపడుతూ.

వీరభద్రం ఎర్రకారు తలుపు మూసేశాడు. తర్వాత మూలనున్న బూడిదరంగు బీరువా తలుపు తీసి, "ఓపాలి దీన్లో కూర్చోండమ్మా" అన్నాడు. ఆమె కుర్చీలో కూర్చున్నంత సులువుగా కూర్చుంది. దిగేటప్పుడు ఆయన చెయ్యి అందించాడు. రోజమ్మ దాన్ని పట్టుకోకుండానే దిగి, "ఆదివారం చర్చికి దీన్లోనే ఎల్దామే" అంది. చాచిన చెయ్యి వెనక్కి తీసుకోవడం మరిచిపోయి, వీరభద్రం ఆమెనే చూస్తూ నిలబడ్డాడు.